ఏ మిల్లీ అని అడగండి

గనుల్లో రేడియేషన్ భద్రత చూసే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఈమధ్య నన్నొక శిక్షణ తరగతికి పిలిచారు. వెళ్ళాను. వాళ్ళకు నా అనుభవం కంటే పరీక్షలో వచ్చే ప్రశ్నలు ముఖ్యం. తప్పులేదు, ఆ వయసులో నాకూ అంతే. భోజనాల దగ్గర మాత్రం ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని, "మేడమ్, రాంట్జన్లూ రెమ్ములూ లాంటి పాత కొలతలు ఎప్పుడో పోయాయి కదా. వాటిని ఇంకా ఎందుకు నేర్చుకోవడం?" అని అడిగింది. పెరుగన్నం కలుపుకుంటూ చెప్పేంత చిన్న జవాబు కాదది. అందుకని ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

నా పేరు సునంద. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కిరండూల్ రైలు మార్గంలో కీమేన్‌గా పనిచేశాడు. రోజూ పట్టాల వెంట నడుస్తూ వదులైన బిగింపులను సుత్తితో సరిచేసే పని. నేను విశాఖపట్నంలో ఫిజిక్స్ చదువుకుని, మళ్ళీ ఆ రైల్లోనే వెనక్కొచ్చి, బైలాడీలా కొండల దాపున ఉన్న ఒక ఇనుప ఖనిజం ప్లాంటులో చేరాను. ఆ ప్లాంటు పేరు ఇక్కడ రాయను. అక్కడ పనిచేసిన వాళ్ళంతా నా మనుషులే.

ఏం కాపలా కాశాను

రేడియేషన్ అనగానే జనానికి బాంబులు గుర్తొస్తాయి. మేం కాపలా కాసింది మంచినీళ్ళ బిందెంత సీసపు కుండలకి. ఖనిజం బెల్టు మీద వచ్చి పెద్ద ఇనుప తొట్టెలోకి జారుతుంది. దాన్ని చ్యూట్ అంటాం. తొట్టె నిండిందో లేదో కంటికి కనబడదు, లోపల అంతా ఎర్రదుమ్ము. అందుకని తొట్టెకి ఒక పక్క ఈ సీసపు కుండను బిగిస్తారు. దాని లోపల చిటికెడు సీజియం ఉంటుంది. కుండకున్న చిన్న కిటికీ లాంటి షట్టరు తెరిస్తే గామా కిరణాలు తొట్టెలోంచి దూరి అవతలి పక్కనున్న పరికరానికి చేరతాయి. తొట్టె నిండితే కిరణాలు ఆగిపోతాయి, బెల్టు ఆగుతుంది. అంతే సంగతి. షట్టరు మూసి ఉంటే ఆ కుండ పక్కన కూర్చుని అన్నం తినొచ్చు. నేను తినలేదు గానీ, తినొచ్చు.

మా పై అధికారి శుక్లాగారు. బిలాస్‌పూర్ మనిషి, పెద్ద గొంతు, పెద్ద మనసు. బెల్టు ఆగితే ఆయనకు ఊపిరి ఆగినట్టే. ఆయనతో నాకు ఒకే ఒక్క పేచీ ఉండేది. ఏ కొలత చెప్పినా ఆయన "కిత్నా మిల్లీ?" అని అడిగేవాడు. ఎన్ని మిల్లీలు? మిల్లీరాంట్జనా, మిల్లీక్యూరీయా, మిల్లీసీవర్టా అన్నది ఆయనకు అక్కర్లేదు. మిల్లీ అంటే చిన్నది, చిన్నదైతే భయం లేదు, బెల్టు నడపొచ్చు. ఆయన్ని తప్పుపట్టలేను. ప్లాంటంతా అలాగే మాట్లాడేది. బజార్లో "పావు ఇవ్వు" అంటే కొట్టువాడు పావు కిలోయే ఇస్తాడు, ఎవరూ గందరగోళ పడరు. అలాంటిదే అనుకునేవారు.

రెండు కుటుంబాలు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. కొలతల్లో రెండు కుటుంబాలున్నాయి. పాత కుటుంబంలో క్యూరీ, రాంట్జన్, రాడ్, రెమ్. కొత్త కుటుంబంలో బెకరెల్, గ్రే, సీవర్ట్. కుండలో పదార్థం ఎంత చురుగ్గా ఉందో చెప్పేవి క్యూరీ, బెకరెల్. ఒంటికి ఎంత సోకిందో చెప్పేవి రెమ్, సీవర్ట్. ముందు ఈ తేడా పట్టుకోండి. కట్టెల మోపు ఎంత పెద్దదన్నది ఒక లెక్క, మనకు ఎంత సెగ తగిలిందన్నది వేరే లెక్క.

ఒకసారి బీజాపూర్ దారిలో మా కుండను తీసుకెళ్తున్న జీపు కల్వర్టు పక్కన ఒరిగిపోయింది. కుండకు ఏమీ కాలేదు. నేను మీటరు పట్టుకుని చేరేసరికి తహసీల్దారు అక్కడ చెమటలు కక్కుతున్నాడు. కుండ మీద రేకులో వంద మిల్లీక్యూరీలని ఉంది. కాగితంలో మూడువందల డెబ్భై కోట్ల బెకరెళ్ళని ఉంది. "మేడమ్, వందా, మూడువందల డెబ్భై కోట్లా? ఊరు ఖాళీ చేయించాలా?" అన్నాడు. రెండూ ఒకటే అని చెబితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఒక క్యూరీ అంటే మూడువేల ఏడువందల కోట్ల బెకరెళ్ళు. బెకరెల్ మరీ చిన్న కొలత, అందుకే అంకె అంత పెద్దది. ఇసుకను తట్టల్లో లెక్కపెట్టొచ్చు, రేణువుల్లో లెక్కపెట్టొచ్చు, ఇసుక మాత్రం అంతే. కుండ చుట్టూ తాడు కట్టి, "ఈ తాడు దాటకండి, చాలు" అన్నాను. ఆయన ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ఆపదలో ఉన్నవాడికి అంకె అక్కర్లేదు. ఎంత దూరం నిలబడాలి, ఎంతసేపు ఉండొచ్చు అన్నవి కావాలి. అంకెను ఆ రెండు మాటల్లోకి మార్చడమే మన ఉద్యోగం.

ఇక ఒంటికి సోకే లెక్క. వంద రెమ్‌లు ఒక సీవర్టు. రాంట్జన్ అనేది గాలిలో ఉన్న కిరణాల కొలత. మన మీటర్లు చూపించే గామా కిరణాల విషయంలో ఒక మిల్లీరాంట్జన్ అంటే సుమారు పది మైక్రోసీవర్టులు. మైక్రోసీవర్టులు వెయ్యి కలిస్తే ఒక మిల్లీసీవర్టు. ఇంతకు మించి ఏదీ గుర్తులేకపోయినా ఫరవాలేదు. మిల్లీరాంట్జన్‌ను మిల్లీసీవర్టు అనుకున్నవాడు వందరెట్లు పొరబడ్డట్టు. ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ఎందుకో చెబుతాను.

కన్నక్క

మా ప్లాంటులో చ్యూట్ కింద రాలిన ఖనిజపు పొడిని ఊడ్చి ఎత్తడానికి కాంట్రాక్టు ఆడవాళ్ళు ఉండేవారు. వాళ్ళలో ఒకామె కన్నక్క. ఉసూర్ బ్లాకులో ఆవపల్లి వైపు దోర్లా తెగ పిల్ల. ఇంట్లో దోర్లీ, మేస్త్రీతో హిందీ, నాతో తెలుగు. సన్నగా, చురుగ్గా ఉండేది. తలకు కట్టుకున్న గుడ్డ తప్ప ఒళ్ళంతా ఎర్రగా ఉండేది పని దిగేసరికి. భర్త నాగయ్య లోడింగులో కూలీ. పెళ్ళయి ఏడేళ్ళయినా పిల్లల్లేరు. ఆ సంవత్సరం వానలు తగ్గే రోజుల్లో నా దగ్గరికి వచ్చి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అక్కా, మూడో నెల" అంది. ముఖం చూస్తే ఎర్రదుమ్ములోంచి కూడా సిగ్గు కనబడింది. జగదల్‌పూర్ దసరాకు అందరూ సెలవు పెట్టి వెళ్తే, వాంతులని చెప్పి ఆమె ఒక్కతే ఆగిపోయింది. మిగిలినవాళ్ళ పని కూడా తనే చేసింది.

దసరా తర్వాత నేను నెలకోసారి తిరిగినట్టే మీటరు పట్టుకుని ప్లాంటు చుట్టూ తిరుగుతున్నాను. నా చేతిలోది పాత మీటరు, గంటకు ఇన్ని మిల్లీరాంట్జన్లని చూపేది. చ్యూట్ కింది నడవాలోకి రాగానే ముల్లు లేచింది. అక్కడ అది లేవకూడదు. మీటరు పాడయిందేమోనని వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాను. మళ్ళీ లేచింది. ఐదు దగ్గర నిలబడింది.

తలెత్తి చూస్తే అర్థమైంది. వానల్లో తడిసిన పొడి చ్యూట్‌లో అడ్డుపడితే నెల కిందట తొట్టెకు మరమ్మతు చేశారు. కుండను విప్పి మళ్ళీ బిగించినప్పుడు ఒక బోల్టు సరిగ్గా కూర్చోలేదు. కుండ ఒక పక్కకు తిరిగింది. సగం కిరణాలు తొట్టెలోకి పోతున్నాయి, సగం తొట్టె పక్కనుంచి నడవా మీద పడుతున్నాయి. సరిగ్గా కన్నక్క చీపురు పట్టుకుని నిలబడే చోట.

షట్టరు మూసేశాను. తాడు కట్టించాను. తర్వాత కన్నక్కను పక్కకు పిలిచి, ఏం జరిగిందో చెప్పి, ఎక్కడెక్కడ నిలబడతావు, ఎంతసేపు ఉంటావు అని అడిగాను. ఆమె నిలబడి చూపించింది, వంగి చూపించింది. రోజుకు గంట చొప్పున నెల రోజులు. గంటకు ఐదు మిల్లీరాంట్జన్లు. మొత్తం నూటయాభై మిల్లీరాంట్జన్లు. అంటే ఒకటిన్నర మిల్లీసీవర్టులు. గర్భిణికి అది కూడా సోకకుండా ఉండాల్సింది, సందేహం లేదు. కానీ భయపడాల్సినంత కాదు. మనం ఊరికే భూమ్మీద బతికినందుకే నేల నుంచీ ఆకాశం నుంచీ ఏడాదికి అంతకంటే కాస్త ఎక్కువే సోకుతుంది.

"నీకూ బిడ్డకూ ఏం కాదు. అయినా డాక్టరు ఒకసారి చూడాలి" అన్నాను. ఆమె తలాడించి, చీపురు గోడకు ఆనించి వెళ్ళింది.

నేను రిపోర్టు శుక్లాగారికి ఇచ్చాను. ఆయన చదవగానే లేచి నిలబడ్డాడు. ఆడపిల్ల, అందులోనూ గర్భిణి అనేసరికి ఆయనకు బెల్టు గుర్తురాలేదు. వెంటనే ఫోను అందుకుని ఆసుపత్రికి చేశాడు. ఆ తొందర మంచిదే. నేను ఆపాటికి కుండను సరిచేయించడానికి మళ్ళీ చ్యూట్ దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆదివారం

మర్నాడు శనివారం కన్నక్క పనికి రాలేదు. ఆసుపత్రిలో పరీక్షల కోసం ఉంచారన్నారు. మంచిదే అనుకున్నాను.

ఆదివారం ప్రార్థన నుంచి మా అమ్మ గుమ్మంలోకి వస్తూనే, "ఒలే సునందా, మీ పేక్టరీలో ఆ కరెంటు సోకిన పిల్లకి కడుపు తీసేస్తారంట. నీకు తెల్దేటి?" అంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఆస్పత్రిలో ఆయా మార్తమ్మ. రేపు పొద్దున్న జీపులో జగదల్‌పూర్ తీసుకెళ్తారంట. పాపం, ఆ పిల్ల నిన్నట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదంట. ఏటే, అలా నిలబడిపోయావు? ఎల్లు, ఎల్లు!"

చెప్పులు ఎలా వేసుకున్నానో తెలియదు. ఆసుపత్రి మా కాలనీకి దగ్గరే. ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం మీద కన్నక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాగయ్య కింద కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏం చెప్పారు కన్నక్కా?"

ఆమె ఇటు తిరగకుండానే మాట్లాడింది. "నూటయాభై అన్నడు డాక్టరు సారు. వంద దాటితే పిల్ల మంచిగ పుట్టదట. తలకాయ చిన్నగ పుడతదట. తీసేస్తరట రేపు."

"నేను ఏమీ కాదని చెప్పానుగా."

అప్పుడు ఇటు తిరిగింది. కళ్ళు ఉబ్బిపోయాయి. "నువ్వు తక్కువ అంటున్నవ్, సారు ఎక్కువ అంటున్నడు. ఏంది అక్కా ఇది? నేనెవ్వరిని నమ్మాలె?"

నూటయాభై అన్న అంకె నాదే. దాని పక్కనున్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని డాక్టరు గదికి వెళ్ళాను.

డాక్టర్ ప్రకాశరావుగారు రాజమండ్రి మనిషి. పదవీ విరమణకు దగ్గరపడిన వయసు. ఆ చుట్టుపక్కల సగం మంది పిల్లలు ఆయన చేతుల్లో పుట్టినవాళ్ళే. ఆయన బల్లమీద కొత్తగా వచ్చిన చిన్న పుస్తకం తెరిచి ఉంది. అంతా సీవర్టుల్లో. గర్భం గురించి వైద్యుడు ఆలోచించాల్సిన గీత వంద మిల్లీసీవర్టుల దగ్గరని అందులో ఉంది. ఆయన దాని కింద పెన్సిలుతో గీత గీసుకున్నారు.

"డాక్టరుగారూ, అది నూటయాభై మిల్లీరాంట్జన్లండి. ఒకటిన్నర మిల్లీసీవర్టులు."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "మీ శుక్లా ఫోనులో నూటయాభై మిల్లీ అన్నాడమ్మా. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే అన్నాడు."

"అవునండి. ఏ మిల్లీ అన్నది చెప్పలేదు."

ఆయన కళ్ళద్దాలు బల్లమీద పెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "సునందా, నువ్వు మంచిదానివని నాకు తెలుసు. కానీ మొన్న నూటయాభై. ఈరోజు ఒకటిన్నర. అంకె తగ్గితే లాభం ఎవరికి? మీ కంపెనీకి. నేను ఒప్పుకుని ఆ పిల్లను ఇంటికి పంపి, రేపు ఏదైనా జరిగితే ఆ తల్లి ముఖం చూడాల్సింది నేను. నువ్వు కంపెనీ మనిషివమ్మా."

కోపం రావాలి. రాలేదు. ఆయన అడిగింది న్యాయమే. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. లెక్క కాగితం మీద వేసి చూపించొచ్చు, కానీ ఆ కాగితం మీద ఉండేదీ నా చేతిరాతే. ఆయన నమ్మాల్సింది నన్ను కాదు, తన కళ్ళను.

"మీరే వచ్చి కొలవండి" అన్నాను.

ఒకే చోట రెండు పేర్లు

ప్లాంటులో ఒక కొత్త మీటరు వచ్చి అట్టపెట్టెలోనే ఉంది. అది మైక్రోసీవర్టుల్లో చూపిస్తుంది. పాతదానికి అలవాటుపడి ఎవరూ దాని సీలు విప్పలేదు. దాన్ని పరీక్షించి పంపిన సంస్థ వేరే ఊరిది, మాకూ దానికీ సంబంధం లేదు. ఆదివారం మధ్యాహ్నం డాక్టరుగారి ముందే ఆ పెట్టె విప్పాను. శుక్లాగారికి కబురు పెడితే బనియను మీద చొక్కా తొడుక్కుంటూ పరుగెత్తుకొచ్చాడు. విషయం చెప్పాను. "మైనే తో మిల్లీ బోలా థా" అని గొణిగాడు. నేను మిల్లీ అనే కదా చెప్పాను అని.

బెల్టు ఆపించి, అందర్నీ దూరం పంపించి, కుండను మొదట ఎలా వంకరగా ఉందో అలాగే తిప్పి పెట్టించాను. ఇలాంటివి ప్రదర్శన కోసం ఎన్నడూ చేయకండి. ఐదు నిమిషాలు అక్కడ నిలబడితే డాక్టరుగారికి ఎంత సోకుతుందో ముందే లెక్కవేసి, ఆయనకు చెప్పి, ఒప్పుకున్నాకే షట్టరు తెరిచాను.

"కన్నక్క ఎక్కడ నిలబడేది?" అని ఆయన అడిగారు. చూపించాను. ఆయన ఆమెలాగే వంగి నిలబడ్డారు. ఒక చేతిలో పాత మీటరు, ఒక చేతిలో కొత్తది. నేను పక్కకు తప్పుకున్నాను.

"ఇది ఐదు చూపిస్తోంది. మిల్లీరాంట్జన్లు" అన్నారు పాతదాన్ని చూసి. తర్వాత కొత్తదాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. "ఇది యాభై. మైక్రో... మైక్రోసీవర్టులు." ఒక అడుగు వెనక్కి వేశారు. రెండూ తగ్గాయి. ముందుకు వచ్చారు. రెండూ పెరిగాయి. ఐదు, యాభై. ఆయన పెదవులు కదులుతున్నాయి. యాభై ముప్ఫైలు పదిహేను వందలు. పదిహేను వందల మైక్రోలంటే ఒకటిన్నర మిల్లీ.

షట్టరు మూసి కుండను సరిచేయించాను. ఆయన నడవా మెట్ల మీద కూర్చుండిపోయారు. ఎర్రదుమ్ము తెల్ల ప్యాంటుకు అంటుకుంది. "రేపు పొద్దున్న జీపు" అన్నారు, ఎవరితోనో కాదు, తనతోనే. "రేపు పొద్దున్నే."

శుక్లాగారు ఆయన ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు. "గల్తీ మేరీ హై, డాక్టర్ సాబ్." తప్పు నాది. డాక్టరుగారు తల అడ్డంగా ఆడించారు. "చెప్పినవాడివి నువ్వు. ఏ మిల్లీ అని అడగనివాణ్ణి నేను."

ఇన్నేళ్ళలో నేను చూసిన అధికారుల్లో తప్పు జరిగిన రోజే, సంబంధించిన మనిషి ముందే, నాది అన్నవాళ్ళు చాలా తక్కువ. శుక్లాగారి మీద నాకున్న విసుగంతా ఆ సాయంత్రంతో పోయింది. తర్వాత కంట్రోలు గదిలో ఫోను పైన గోడమీద ఆయనే రంగుతో రాయించాడు: "మిల్లీ క్యా?" ఏ మిల్లీ అని. నేను రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది.

మేం ముగ్గురం వార్డుకు వెళ్ళాం. డాక్టరుగారు స్టూలు లాక్కుని కన్నక్క మంచం పక్కన కూర్చున్నారు. "అమ్మా, నేను పొరబడ్డాను. నీకు సోకింది చాలా కొద్ది. నేనే వెళ్ళి కొలిచి వచ్చాను. బిడ్డను తీయాల్సిన అవసరం లేదు."

కన్నక్క ఆయన్ని చూసింది, ఆయన ప్యాంటుకు అంటిన ఎర్రదుమ్మును చూసింది. తర్వాత నన్ను చూసి, "అక్కా, నీ కడుపుల పిల్ల అయితే ఉంచుకుంటవా?" అని అడిగింది.

ఇలాంటి ప్రశ్నకు శిక్షణ తరగతిలో జవాబు నేర్పరు. ఏ బిడ్డకైనా ఏదో ఒకటి జరగొచ్చు, ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఆ మాటా చెప్పాను. "ఏ పిల్ల గురించీ ఎవ్వరం రాసివ్వలేం కన్నక్కా. కానీ ఆ కుండ వల్ల నీ బిడ్డకు హాని లేదు. నాదైతే ఉంచుకుంటాను. ఇంకో ఆలోచన కూడా చెయ్యను."

"గట్లైతే రేపు జీపు రాదా?"

"రాదు."

ఆమె లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంది. నాగయ్య వైపు తిరిగి, "ఆకలైతాంది" అంది. అతను ఏడుస్తూనే అన్నం కోసం పరుగెత్తాడు.

ఇప్పపువ్వు రాలే రోజులు

కథ అక్కడ అయిపోయిందని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం అవలేదు. లెక్క సరైనదని తెలుసు. అయినా ఆ ఆరు నెలలూ పసిపిల్లను ఎత్తుకున్న ఆడమనిషి ఎవరు కనబడ్డా ముందు ఆ పిల్ల తలవైపే చూసేదాన్ని. మీకూ ఇలా జరుగుతుంది. సరైన లెక్క వేసినంత మాత్రాన భయం పోదు. భయాన్ని లెక్క మీద ఎక్కనివ్వకండి, చాలు.

నెలలు నిండే ముందు కన్నక్క అత్తగారింటికి ఆవపల్లి వైపు వెళ్ళిపోయింది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ప్లాంటులో ఊడ్చే ఆడవాళ్ళ మధ్య ఒక మాట పుట్టింది. కన్నక్కకు ఆడపిల్ల పుట్టిందట. పిల్ల చెయ్యి సరిగ్గా లేదట. ఎవరు చెప్పారంటే అంగట్లో ఎవరో అన్నారట. నన్ను చూడగానే వాళ్ళు మాటలు ఆపేశారు.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన సంచి సర్దుకున్నారు. బీజాపూర్ దాకా బస్సు, అక్కడినుంచి ఆవపల్లికి జీపు, ఆపైన నడక. దారంతా చెట్ల కింద ఇప్పపువ్వు ఏరుతున్న ఆడవాళ్ళు. తియ్యటి మత్తు వాసన. నడుస్తూ ఆయన అన్నారు. "అంకె నీది, సలహా నాది. ఏమున్నా ఇద్దరం కలిసే వింటాం."

ఇంటి ముందు అరుగు మీద కన్నక్క కూర్చుని ఉంది, ఒళ్ళో బిడ్డ. మమ్మల్ని చూసి ఆమె ముఖం విప్పారిన తీరుకు నాకు అప్పటికే సగం ప్రాణం తిరిగొచ్చింది. లేవబోతే వద్దన్నాను. డాక్టరుగారు చేతులు కడుక్కుని బిడ్డను అందుకున్నారు. తల కొలిచారు. కళ్ళు చూశారు. గుండె విన్నారు. కాళ్ళు చాపించారు. తర్వాత గుప్పిట నెమ్మదిగా విప్పారు. కుడిచేతి చిటికెన వేలి పక్కన గోరుతో సహా ఇంకొక చిన్న వేలు.

డాక్టరుగారు ఆ వేలిని పట్టుకుని అలాగే ఉండిపోయారు. నాగయ్య తల్లి, ముసలామె, అప్పటిదాకా నీళ్ళ చెంబుతో లోపలికీ బయటికీ తిరుగుతోంది. మా ఇద్దరి ముఖాలూ చూసి ఆగింది.

"ఏంది సారూ, గట్ల చూస్తున్నవ్?" అని, చెంబు కింద పెట్టి తన కుడిచెయ్యి మా ముందుకు చాపింది. ముడతలు పడ్డ ఆ చేతికి ఆరు వేళ్ళు. "ఇది మా ఇంటి వేలు. మా అమ్మకు గూడ ఉండె. నా కొడుక్కు రాలే, కూతురుకు రాలే. ఇగ పోయిందనుకున్న. మనుమరాలికొచ్చింది."

ముందు నవ్వింది కన్నక్క. తర్వాత నాగయ్య. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. నాకు నవ్వో ఏడుపో తెలియనిది ఒకటి గొంతులోంచి వచ్చింది. ముసలామె మమ్మల్ని వింతగా చూసి, పట్నం మనుషులకు ఏదో అయిందనుకుని, ఇంకో చెంబు నీళ్ళు తెచ్చింది.

వెళ్ళే ముందు బిడ్డను నా ఒళ్ళో పెట్టారు. నిద్రలో ఉంది. నుదురు మీద చెమట తుడుద్దామని వేలు దగ్గరికి తెచ్చాను. కళ్ళు తెరవకుండానే కుడిచెయ్యి చాపి ఆ వేలిని పట్టుకుంది, ఆరు వేళ్ళతోనూ, వదలకుండా.